అరవై అయిదో పేజీ

బైండరుకు పుస్తకాలంటే ప్రాణం. కాకపోతే ఆ ప్రాణమంతా అట్టల మీదే. ఏ పుస్తకం చేతికిచ్చినా వెన్ను తడిమి చూసి, కుట్టు వదులో బిగువో, జిగురులో నీళ్లు ఎక్కువయ్యాయో లేదో ఇట్టే చెప్పేసేవాడు. లోపల ఏముందని అడిగితే మాత్రం, నీకేమైనా మతి పోయిందా అన్నట్టు చూసేవాడు. లోపలి సంగతి రాసినవాడు చూసుకోవాలి, కొన్నవాడు చూసుకోవాలి. మధ్యలో తనకెందుకు?

పదేళ్ల వయసులో మేనమామ కొట్లో జిగురు పూసే పనికి చేరిన మనిషి ఆయన. అయిదో తరగతితో బడికి దండం పెట్టేశాడు. అక్షరాలు రాకపోలేదు. వాటితో ముఖపరిచయం ఉంది గాని స్నేహం లేదు, అంతే. అంకెల మీద మాత్రం గట్టి గురి. పేజీ మూలన ఉన్న అంకె ఎన్నడూ అబద్ధం చెప్పదని ఆయన నమ్మకం. ముప్పై ఏళ్లలో తన చేతిలోంచి పేజీలు తారుమారైన పుస్తకం ఒక్కటీ బయటికి పోలేదని అడిగినవాళ్లకూ చెప్పేవాడు, అడగనివాళ్లకూ చెప్పేవాడు. వినీ వినీ భార్యకు ఆ మాట కంఠతా వచ్చేసింది.

కొట్టు ఒకే పొడవాటి గది. నడిమధ్య బల్ల. బల్ల మీద ఎండిపోయిన జిగురు ఎన్ని పొరలుందో ఎవరికీ తెలియదు. ఓ మూల కాగితాలు కోసే మిషను, దాని పక్కన మర తిప్పి బిగించే చెక్క ప్రెస్సు, బరువు కోసం పాత కాగితాలు చుట్టిన ఇటుకలు. వెనక తలుపు లేని చిన్న గది ఒకటి. అందులో భార్య కిటికీ వెలుగులో కూర్చుని పుస్తకాలు కుట్టేది. ఆయన విప్పాలి, శుభ్రం చేయాలి, వరసగా పేర్చాలి. ఆమె కుట్టాలి. మళ్లీ ఆయన కోయాలి, అట్ట వేయాలి. పెళ్లయిన ఏడాది నుంచీ పని ఇలాగే నడుస్తోంది.

వాళ్లకు ఒక్కతే కూతురు. ఏడో తరగతి చదువుతోంది. బడిలో ఏ పేరుతో పిలిచినా కొట్లో ఆ పిల్ల పేరు జిగురు. కాగితం కనబడితే చాలు, అతుక్కుపోయేది. ఎంత లాగినా వచ్చేది కాదు. బడి వదలగానే వచ్చి, బల్ల పక్కన కాగితం కట్ట మీద కూర్చుని, విప్పి ఆరబెట్టిన ఫారాలు చదివేది. ఫారమంటే పదహారు పేజీల మడత. అలాంటి మడతలు పదో పన్నెండో కలిపి కుడితే పుస్తకం అవుతుంది. విప్పిన ఫారాలన్నీ ఒకేసారి ఆరవు కదా, అందుకని ఆ పిల్ల చదువు కూడా వరసలో సాగేది కాదు. ఇవాళ మొదటి ఫారం, ఎల్లుండి నాలుగోది, ఆ తర్వాత రెండోది. మధ్యలో ఏం జరిగి ఉంటుందో తనే ఊహించుకునేది. ఆ ఫారం ఆరాక తన ఊహ సరిపోయిందో లేదో చూసుకునేది. సరిపోతే ఒక్కతే నవ్వుకునేది.

బైండరుకు అదంతా పొద్దుపుచ్చడంలాగే కనబడేది. బడి పాఠాలు చదువు, ఇదేమో కాలక్షేపం అని ఆయన లెక్క. అయినా చేతులు శుభ్రంగా ఉంచుకుంటుంది, మడత నలపదు, పైగా పిల్ల కళ్లెదుట ఉంటుంది. సరేలే అని ఊరుకునేవాడు.

ఆ ఏడాది సెలవుల్లో బడి లైబ్రరీ నుంచి పెద్ద కట్ట వచ్చింది. పిల్ల చదివే బడే అది. కొట్టుకు ఏడాది పొడవునా వచ్చే పనిలో ముప్పాతిక వంతు ఆ బడిదే. ఆ కట్టలో ఒకేలాంటి పుస్తకాలు రెండున్నాయి. అచ్చువేసినవాళ్లు ఒకరే. సైజు ఒకటే, కాగితం ఒకటే, అక్షరాల తీరూ ఒకటే. ఒకటి సముద్రం ఒడ్డున లైట్‌హౌస్ కాపలా కాసే ముసలాయన కథ. ఇంకొకటి ఎడారి దాటి సరుకు తీసుకెళ్లే ఒంటెల బిడారు కథ. సైజు ఒకటే కాబట్టి కోత మిషను ఒకసారి సర్దితే చాలునని ఆయన రెంటినీ ఒకే రోజు విప్పాడు. వెన్నుకు పట్టిన పాత జిగురు గీకి, ఫారాలను పలక మీద పక్కపక్కనే ఆరబెట్టాడు. తర్వాత అంకెలు చూసి పేర్చాడు. భార్య కుట్టింది. ఆయన అట్టలు వేశాడు, సముద్రానికి నీలం, ఎడారికి గోధుమరంగు.

అట్ట ఇంకా ప్రెస్సులోంచి వచ్చిందో లేదో, పిల్ల నీలం పుస్తకం తీసుకుని కూర్చుంది. కాసేపటికి లేచి తండ్రి దగ్గరకు వచ్చింది.

"నాన్నా, లైట్‌హౌస్ తాత మెట్లెక్కుతూ ఎక్కుతూ, పక్క పేజీకి వచ్చేసరికి ఒంటె మీద ఉన్నాడు" అంది.

ఆయన జిగురు కలుపుతున్నాడు. చేయి తుడుచుకుని, పుస్తకం అందుకుని, మూలలు చూశాడు. అరవై నాలుగు తర్వాత అరవై అయిదు. ఎనభై తర్వాత ఎనభై ఒకటి. పుస్తకం టపీమని మూశాడు.

"నంబర్లు సరిగ్గానే ఉన్నాయి. కథల్లో ఏదైనా జరుగుద్ది."

"అలా జరగదు నాన్నా. కథలో కూడా ఒకదాని తర్వాత ఒకటే జరుగుతుంది" అని పిల్ల ఏదో చెప్పబోయింది. ఆయన చెవిన పెట్టలేదు. ఇంకా ఇరవై పుస్తకాలకు అట్టలు వేయాల్సి ఉంది. వెనక గదిలోంచి భార్య, ఒకసారి చూడరాదూ అంది. ముప్పై ఏళ్ల సంగతి ఆయన మళ్లీ మొదలుపెట్టేసరికి ఆమె సూదిలోకి దారం ఎక్కించుకోవడంలో పడిపోయింది.

బడి తెరిచిన నెలన్నరకు లైబ్రరీ మేడం కబురు పంపింది. కొత్త కట్ట ఇస్తారు కాబోలు అనుకుని బైండరు ఉతికిన చొక్కా వేసుకుని మరీ వెళ్లాడు.

లైబ్రరీలో అది ఏడో తరగతి పిల్లల పీరియడు. బెంచీల మీద నలభై మంది దాకా ఉన్నారు. ఆయన కూతురు గది చివర అలమారు దగ్గర పుస్తకాలు సర్దుతోంది. పుస్తకాలను ఒద్దికగా చూసుకుంటుందని ఆ ఏడాది సర్దే పని మేడం ఆమెకే అప్పగించింది. తండ్రిని చూసి పిల్ల ముఖం వెలిగింది. మేడం ముఖం మాత్రం వెలగలేదు. గోధుమరంగు పుస్తకం బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పింది. ముందు రోజు సోషల్ టీచరు ఎడారుల పాఠానికి తోడుగా ఉంటుందని ఆ పుస్తకం క్లాసులో పైకి చదివాడట. అయిదు రోజులు నీళ్లు లేక నడిచిన బిడారు బావి దగ్గరకు చేరింది. నాయకుడు వంగి బావిలోకి చూశాడు. పక్క పేజీకి రాగానే, ఇంతెత్తు అల వచ్చి లైట్‌హౌస్ గోడకు కొట్టుకుంది. క్లాసు క్లాసంతా బల్లలు చరిచి నవ్వింది. ఆ గోల విని హెడ్మాస్టరు వచ్చాడు. చివరికి ఎవరికి బైండింగు ఇచ్చారని మేడంను నిలదీశాడు.

బైండరు పుస్తకం తెరిచాడు. అంకెలు చూశాడు. అవి ఎప్పటిలాగే సరిగ్గా ఉన్నాయి. ఆ తర్వాత, ఎన్నాళ్లకో, పేజీ మధ్యలోకి చూశాడు. అరవై నాలుగో పేజీ చివరి వాక్యం, అరవై అయిదో పేజీ మొదటి వాక్యం కూడబలుక్కుని చదివాడు. రెండు పుస్తకాల అయిదో ఫారాలు ఒకదాంట్లోకి ఒకటి పోయాయి. పిల్ల ఆ రోజే చెప్పింది. తను వినలేదు.

ఆ క్షణంలో నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. పొరపాటు నాదే మేడం, సాయంత్రానికల్లా సరిచేసి ఇస్తాను అంటే, ఓ చీవాటుతో పోయేది. కాని నలభై మంది పిల్లలు చూస్తున్నారు. ఇక ఈ బడి పని మన చేతిలో ఉండదేమోనన్న భయం, ముప్పై ఏళ్ల గొప్పలు, రెండూ కలిసి ఆయన నాలుకను పక్కకు లాక్కుపోయాయి.

"మా అమ్మాయి ఫారాలు చదువుతూ కూర్చుంటుందండి. చదివి ఎక్కడివక్కడ పెట్టకుండా కలిపేసి ఉంటుంది" అన్నాడు.

మామూలు గొంతుతోనే అన్నాడు. గది అంతా వినబడింది. నలభై తలలు అలమారు వైపు తిరిగాయి.

మేడం పిల్లను పిలిచి, నిజమేనా అని అడిగింది. పిల్ల తండ్రి వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే ఆయన ఎలాగో తట్టుకునేవాడు. ఉన్నది ఆశ్చర్యం. తెలిసిన వీధిలో తమ ఇల్లు కనబడకపోతే ఎలా చూస్తామో అలా చూసింది.

"నేను వాటిని చదివిన మాట నిజమే మేడం" అంది.

అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. మేడం అది ఒప్పుకోలు అనుకుంది. పుస్తకం మీద శ్రద్ధ ఉందని నమ్మితే ఇలా చేశావా అంది. సర్దే పని ఇంకొకరికి ఇచ్చింది. టర్ము అయ్యేదాకా లైబ్రరీ గడప తొక్కవద్దని, పీరియడు ఉన్నంతసేపూ క్లాసులోనే కూర్చోవాలని చెప్పింది. పిల్ల చేతిలో ఉన్న పుస్తకాన్ని అలమారులో దాని చోట్లో పెట్టి బయటికి నడిచింది. తండ్రి పక్కనుంచే వెళ్లింది. ఆయన పుస్తకంలోంచి పొడుచుకొచ్చిన దారం కొసను చూస్తూ నిలబడ్డాడు, అదేదో చాలా ముఖ్యమైన సంగతైనట్టు.

ఇంటికొచ్చి భార్యకు ఆ ముక్కా ఈ ముక్కా చెప్పి తప్పించుకుందామనుకున్నాడు. ఆమె అప్పటికే పిల్ల ముఖం చూసింది. గుచ్చి గుచ్చి అడిగి మొత్తం రాబట్టింది. సూది గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది.

"కుట్టింది నేను. పోనీ నా పేరైనా చెప్పాల్సింది" అంది.

ఆయనకు అన్నం సహించలేదు. అలాగని వెంటనే వెళ్లి నిజం చెప్పాడా అంటే, అదీ లేదు. రేపు వెళ్దాం అనుకున్నాడు. రేపు వచ్చాక, ఇవాళ హెడ్మాస్టరు ఉంటాడేమో, ఎల్లుండి వెళ్దాం అనుకున్నాడు. తప్పు చేసిన మనిషికి రేపు అనే మాట ఎంత మెత్తటి పరుపో ఆ వారంలో ఆయనకు తెలిసింది. అంతలో కొట్టుకు వచ్చినవాళ్లలో ఒకడు, మీ పిల్ల ఫారాలు కలిపేసిందటగా అని నవ్వుతూ అడిగాడు. ఈయన అవునన్నట్టు తలూపాడు. ఊపాక ఆ తలను ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పిల్ల మాత్రం ఒక్క మాటా అడగలేదు. బడి నుంచి రావడం, కాగితం కట్ట మీద కూర్చోవడం మామూలే. పలక మీద ఫారాలు ఆరుతూనే ఉన్నాయి. ఆమె వాటి వైపు చూసేది కాదు. హోంవర్కు చేసి, సంచి సర్దుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఆ చేతులు చూస్తే ఆయనకు పని సాగేది కాదు. బడిలో పిల్లలు ఆమెను ఒంటె అని పిలుస్తున్నారని ఎదురింటి పిల్ల చెప్పగా భార్యకు తెలిసింది. ఆ సంగతి ఆయనకు చెప్పేటప్పుడు ఆమె గొంతు ఏమాత్రం పెంచలేదు. పెంచి ఉంటే బాగుండునని ఆయనకు అనిపించింది.

మూడో వారంలో, ఈ గొడవకు ముందే రాసిన యూనిట్ పరీక్షల పేపర్లు ఇచ్చారు. తండ్రి సంతకం కావాలి. పిల్ల పేపర్ల దొంతర బల్ల మీద పెట్టి, పెన్ను పక్కన పెట్టి, దూరంగా నిలబడింది. ఇంకెప్పుడైనా అయితే మార్కులు చూసి గీత గీసేసేవాడు. ఆ రోజెందుకో పక్కన ఎర్ర సిరాతో రాసినవి చదవడం మొదలుపెట్టాడు. అంకె చూసి తప్పించుకునే ధైర్యం ఆయనకు అయిపోయింది మరి.

లెక్కల పేపరులో టీచరు ఇలా రాసింది: 'ఈ లెక్కలో అక్కర్లేని అంకెను వదిలేసింది క్లాసులో నువ్వొక్కదానివే.' ఇదేమిటని ఆయన అడిగాడు. వారాల తర్వాత కూతుర్ని అడిగిన మొదటి ప్రశ్న అది. ఓడ ఎంత వేగంతో పోతోందో, ఎంత దూరం పోవాలో, అందులో ఎంతమంది ఉన్నారో ఇచ్చి, ఎంతసేపట్లో చేరుతుందని అడిగారు నాన్నా అని పిల్ల చెప్పింది. అందరూ మనుషుల సంఖ్యతో కూడా భాగించేశారట.

"కథల్లోనూ అంతే కదా. చాలా చెప్తారు. ఏది పనికొస్తుందో చివరిదాకా చదివితేనే తెలుస్తుంది."

సైన్సు పేపరులో నీరు ఆవిరవడం గురించి రాస్తూ, ఉప్పుమడిలో గాలి వీచే రోజున ఉప్పు త్వరగా తేలుతుందని రాసింది. ఇది పాఠంలో లేదే, ఎక్కడిదని అడిగాడు.

"ఆ ఆకుపచ్చ అట్ట పుస్తకంలోది. చెదలు తింటే కొత్త వెన్ను వేశావే, అది."

ఆయనకు ఆ పుస్తకం బాగా గుర్తుంది. వెన్ను వేయడానికి ఒక పూటంతా పట్టింది. అందులో ఉప్పు పండించేవాళ్లు ఉన్నారని ఇప్పుడే తెలిసింది. సోషల్‌లో, ఊళ్లు నీళ్లున్న చోటే ఎందుకు పెరుగుతాయో రాసింది. అది గోధుమరంగు పుస్తకంలోదని ఆమె చెప్పకుండానే ఆయనకు అర్థమైంది. వ్యాసంలో ముసలివాడి నడక గురించి నాలుగు వాక్యాలుంటే, 'కళ్లకు కట్టింది' అని టీచరు రాసింది. కూతురు ఒక్కో జవాబుకీ ఒక్కో అట్ట రంగు చెబుతుంటే బైండరు తల దించుకుని వింటున్నాడు. ఎర్ర రెక్సిన్, మూల చిరిగిన పసుపుది, కాలికో గుడ్డ వేసినది. అన్నీ తన చేతుల మీదుగా వెళ్లినవే. ఆయన వాటిని పైనుంచి చూశాడు, పిల్ల లోపల తిరిగి వచ్చింది. ఏ లెక్కకు ఏ కథ పనికొచ్చిందో, ఏ పాఠానికి ఏ ఫారం తోడొచ్చిందో ఇంట్లో ఎవరికీ తెలియకుండా, ఈ జిగురు కంపులో కూర్చునే ఆమె అంతా పోగుచేసుకుంది. తను దాన్ని కాలక్షేపమన్నాడు.

అడుగున ఇంకో పేపరుంది. గొడవ తర్వాత, ఆ వారమే పెట్టిన చిన్న సోషల్ పరీక్షది. మార్కులు మరీ తక్కువేం కాదు. టీచరు మాత్రం ఇలా రాశాడు: 'పాఠంలో ఉన్నది ఉన్నట్టు దించావు. నీ మాటలేవి?'

ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. పెన్ను తీసుకున్నాడు గాని సంతకం చేయలేకపోయాడు. ఏ ముఖంతో చేస్తాడు? ఆ మాటలు ఎటు పోయాయో టీచరుకు తెలియదు. తనకు తెలుసు.

మర్నాడు కొట్టు తెరవలేదు. సూది, దారం, మడతలు నొక్కే చెక్క ఒక సంచిలో వేసుకుని బడికి వెళ్లాడు. దారిలో రెండుసార్లు ఆగాడు. ఒకసారి వెనక్కి కూడా తిరిగాడు.

మేడం ఒక్కతే ఉంది. ఆయన ఆ రెండు పుస్తకాలూ అడిగి తీసుకున్నాడు. అవి పక్కపక్కన తెరిచి, అరవై అయిదో పేజీ దగ్గర వేలు పెట్టి, కలిపింది తనేనని చెప్పాడు. పిల్ల ఆ రోజే చెబితే తను పెడచెవిన పెట్టానని కూడా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆయన కళ్లు వేలి మీదే ఉన్నాయి.

"మరి ఆ రోజెందుకలా అన్నారు?"

"భయం మేడం. పని పోతుందని. తర్వాత చెప్పడానికి సిగ్గేసింది. రోజు గడిచే కొద్దీ ఆ సిగ్గు ఎక్కువైంది."

మేడం అద్దాలు తీసి తుడుచుకుంది.

"చదివాను అంది. కలిపాను అనలేదు. ఆ మాత్రం తేడా నేను విని ఉండాల్సింది" అంది చివరికి. ఆ సిగ్గులో తనకూ వాటా ఉందని ఆమె ఒప్పుకోవడం ఆయనకు ఊరట ఇవ్వలేదు. తన వల్ల ఇంకో మనిషి కూడా పిల్లకు అన్యాయం చేసింది, అంతే కదా.

పిల్ల ఆ రోజు నుంచే లైబ్రరీకి రావచ్చని మేడం చెప్పింది. హెడ్మాస్టరుకు మాత్రం సంగతి చెప్పక తప్పదని, బైండింగు మాట ఆయన ఇష్టమని కూడా చెప్పింది. తర్వాత, మీరు అప్పుడన్న మాట క్లాసంతా విన్నారు, ఇప్పుడీ మాట కూడా క్లాసే వినాలి అంది. ఆయన ఆమె వెంట నడిచాడు.

ఏడో తరగతి గదిలో నల్లబల్ల ముందు నిలబడ్డాడు. బడి మానేశాక క్లాసులో అడుగు పెట్టడం అదే మొదటిసారి. గోళ్ల చుట్టూ ఎండిన జిగురు కనబడకుండా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మళ్లీ ఏమనుకున్నాడో ముందుకు తెచ్చుకున్నాడు. "పేజీలు కలిపింది నేను. మా అమ్మాయి కాదు. తను తప్పు పట్టుకుంది. నేను దాన్ని తన మీదికి తోశాను" అన్నాడు. ఈ నాలుగు ముక్కలూ దారి పొడవునా అనుకుంటూ వచ్చినవే. ఆ తర్వాత చెప్పాలనుకున్నవేవీ గుర్తుకు రాలేదు.

వెనక బెంచీ నుంచి ఎవడో, అయితే ఒంటె కలపలేదా అన్నాడు. కొందరు కిసుక్కుమన్నారు. మూడో బెంచీలో ఆయన కూతురు తల పైకెత్తలేదు. చెవుల దాకా ఎర్రబడి, బల్ల మీద గీతను వేలితో రుద్దుతోంది. తను చేస్తున్నది మంచి పనే అయినా, ఆ మంచి కూడా పిల్లను నలుగురిలో నిలబెట్టిందని ఆయనకు అప్పుడు తోచింది. మొదటి తప్పు చేసినప్పుడు ఇదంతా కూడా అందులోనే ఉంది. అప్పుడు కనబడలేదు.

వరండాలో కూర్చుని ఆ రెండు పుస్తకాలూ విప్పి, ఫారాలు మార్చి, అక్కడే కుట్టి ఇచ్చాడు. భార్య కుట్టినంత బాగా రాలేదు. ఈసారి అంకెలు చూడలేదు. ప్రతి ఫారం చివరి వాక్యం, తర్వాతి ఫారం మొదటి వాక్యం పెదాలు కదుపుతూ చదివి మరీ కుట్టాడు. మధ్యాహ్నం అయిపోయింది.

నెల తిరిగాక బడి నుంచి కట్ట వచ్చింది. ప్రతిసారీ వచ్చేదానిలో సగం. మిగతా సగం ఎటు పోయిందో ఆయన అడగలేదు. పిల్ల లైబ్రరీకి వెళ్తోంది. అలమారు సర్దే పని కూడా తిరిగి ఇచ్చారు. ఒంటె అనే పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. పిల్లలు పెట్టిన పేర్లు అంత తేలిగ్గా పోవు. కొట్లో మాత్రం ఆమె చేతులు ఇంకా ఒళ్లోనే ఉంటున్నాయి. తల్లితో మాట్లాడుతుంది, తండ్రి అడిగితే బదులిస్తుంది, ఫారాలు ముట్టుకోదు. ఆ ఒక్కటీ మారలేదు. ఆయనకు రాత్రీ పగలూ అదే బెంగ.

ఒక సాయంత్రం ఆయన విప్పి ఆరబెట్టిన మొదటి రెండు ఫారాలు తీసుకుని, కాగితం కట్ట మీది దుమ్ము తుడిచి, పిల్ల ముందు పెట్టాడు.

"వరస సరిగ్గా ఉందో లేదో చూసి చెప్పమ్మా. నువ్వు సరే అంటేనే అమ్మ కుడుతుంది" అన్నాడు.

పిల్ల లెక్కల పుస్తకం పక్కన పెట్టింది. ఫారాలు అందుకుని మూలలు మాత్రం చకచకా తిప్పింది. మళ్లీ ఆయన చేతికిచ్చేసి లెక్కల పుస్తకం తెరుచుకుంది.

"నంబర్లు సరిగ్గానే ఉన్నాయి నాన్నా" అంది.

అందులో వెటకారం ఏమీ లేదు. మర్యాదగానే చెప్పింది. ఆయనకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ మాట తనదే. పిల్ల నేర్చుకోవాలనుకుంటే ఏదైనా నేర్చుకుంటుంది, తన దగ్గర నేర్చుకున్నది ఇది. వెనక గదిలో సూది ఆగింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, బల్ల మీదే కూర్చుని, మొదటి పేజీ పైకి చదవడం మొదలుపెట్టాడు.

అది చదవడం అనడానికి లేదు. ఒక్కో మాట దగ్గరా ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు పోవడం. నది మీద ఒక వంతెన ఉంది. దాన్ని పడవలొచ్చినప్పుడు మర తిప్పి పైకి లేపాలి. ఆ మర తిప్పే కాపలాదారుకు చెవుడు వచ్చింది. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని దాస్తున్నాడు. ఈ కాసింతా తెలియడానికి బైండరుకు నుదుటి మీద చెమట పట్టింది. సిగ్గు ఎటూ ఉంది కాబట్టి ఆపలేదు. నాలుగు పేజీలు అయ్యేసరికి కాపలాదారు గొడవలో పడి సిగ్గు సంగతి కాస్త మరిచిపోయాడు. పడవ దగ్గరికొస్తోంది, గంట కొడుతున్నారు, కాపలాదారుకు వినబడటం లేదు. గబగబా పేజీ తిప్పి చదివాడు. పడవ అవతలి రేవుకు చేరింది, అందులోంచి ఒకామె దిగింది.

"ఒక పేజీ వదిలేశావు నాన్నా" అంది పిల్ల, లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తకుండానే. "వంతెన ఇంకా పైకి లేవనే లేదు. పడవ అవతలికి ఎలా పోతుంది?"

ఆయన మూలకు చూశాడు. పదకొండు తర్వాత పద్నాలుగు. పాత జిగురు పట్టి రెండు ఆకులు అతుక్కుపోయాయి. ముప్పై ఏళ్లుగా పేజీ తిప్పగానే అంకె మీద పడే కన్ను ఈసారి అటు పోనే లేదు. బొటనవేలి గోటితో ఆ ఆకులను మెల్లగా విడదీసి, గొంతు సవరించుకుని, పన్నెండో పేజీ మొదటి నుంచి అందుకున్నాడు. పిల్ల పెన్సిలు కదలడం ఆగిపోయింది.